చిన్న పదకొండు

"ముందు సంతకం పెట్టు అప్పారావూ. చదవడానికేముంది, తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు" అంటున్నాడు భాస్కరరావు.

ప్రెస్సు గుమ్మంలో చెప్పులు విడుస్తున్న జోజమ్మకి ఆ మాట వినగానే ఒళ్ళు మండింది. ఆమెకి అది కొత్త మాట కాదు. తను కానిస్టేబులుగా, ఆయన ఇన్‌స్పెక్టరుగా ఒకే స్టేషనులో పనిచేసిన రోజుల్లో ఇదే గొంతుతో, ఇంతే నింపాదిగా ఒక రిక్షా అతనితో అనగా విన్నది. ఆ రిక్షా అతనికి తీరిగ్గా చదువుకోవడానికి జైల్లో బోలెడు తీరిక దొరికింది. జోజమ్మ ఆ ఏడే ఉద్యోగం మానేసి, బెజవాడలో ఒక గది అద్దెకు తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుంది. భాస్కరరావు రిటైరయ్యాక ఒక పురుగుమందుల కంపెనీలో ఎంక్వయిరీ ఆఫీసరుగా చేరాడు.

ఆమె తిన్నగా వెళ్ళి అప్పారావు వేళ్ళ మధ్య నుంచి పెన్ను తీసుకుని, దాని క్యాప్ పెట్టి, భాస్కరరావు జేబులో గుచ్చింది.

"మీ పెన్ను మీ దగ్గరుంచుకోండి సార్."

"ఓహో, జోజమ్మా. నూజివీడు దాకా వచ్చావే. మామిడి పూత చూద్దామనా?" అన్నాడాయన. కుర్చీలో కాలు మీద కాలు తీయలేదు. బల్ల మీద టైపు చేసిన కాగితం, దాని మీద బరువుగా జీపు తాళాలు.

ఆ కాగితంలో ఏముందో జోజమ్మకి చదవకుండానే తెలుసు. ఆదివారం నాడు ఆగిరిపల్లి దగ్గర మామిడి తోటలో, పూతకి పట్టే తేనెమంచు పురుగుకి మందు కొడుతూ పరదేశి అనే కూలీ పడిపోయాడు. తెల్లవారేలోపు ప్రాణం పోయింది. మందు పేరు మంచుహర. లీటరు నీళ్ళకి ఒకటిన్నర మిల్లీలీటర్లు కలపాల్సిన చోట పదకొండు కలిపారు, ఎందుకంటే డబ్బాకి అంటించిన తెలుగు కరపత్రంలో అంకె అలాగే కనబడింది. కంపెనీ చెప్పేదేమిటంటే, నూజివీడు డీలరు కోరితే ఆయన ఒక్కడి డబ్బాల కోసం ఆ కరపత్రం ఈ ప్రెస్సులో కంపోజు చేయించారట. ఒకటి పక్కన అర అంకె వెయ్యాల్సిన చోట కంపోజిటరు ఒకటి, ఒకటి, గీత, రెండు వరసగా వేశాడట. ఆ మాట అప్పారావు నోటితోనే రాయించి ఈ సాయంత్రం స్టేషనులో ఇచ్చేస్తే, పరదేశి చావుకి అప్పారావు జైలుకి పోతాడు, కంపెనీ చేతులు కడిగేసుకుంటుంది.

ప్రెస్సు యజమానురాలు వెంకాయమ్మ కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చు మిషను పక్కన నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంటోంది. జోజమ్మని ఫోను చేసి పిలిపించింది ఆవిడే. పొద్దున జోజమ్మ బస్సు దిగి తన కార్డు ఇస్తే కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, ఇదేం అచ్చమ్మా, నీ ఇంటి నంబరు చీమల బారులా ఉంది, ఏ అడ్డగాడిద వేశాడిది, అని తిట్టింది. ఇప్పుడావిడకి తిట్టే ఓపిక కూడా లేదు.

"మధ్యాహ్నం నుంచీ ఇదే పోరమ్మా. అన్నం తిననివ్వలేదు మనిషిని" అంది.

జోజమ్మ స్టూలు లాక్కుని అప్పారావుకి ఎదురుగా కూర్చుంది. మనిషి నలభై దాటినవాడు, ఇరవై ఏళ్ళుగా సీసపు అక్షరాల గళ్ళున్న ఈ కేసుల ముందే నిలబడ్డవాడు. వేళ్ళ చివర్లు సీసం తగిలి నల్లబడ్డాయి.

ఆమె నెమ్మదిగానే అడిగింది. ఆ కరపత్రం కంపోజు చేసిన మాట నిజమేనా? నిజమేనండీ అన్నాడు, కిందటి నెల్లో. అచ్చు వేశారా? వెయ్యలేదండీ, ప్రూఫు ఒకటి తీసి ఇచ్చాను, కంపెనీ మనిషి పట్టుకెళ్ళాడు, మళ్ళీ రాలేదు. వారం చూసి అక్షరాలన్నీ విప్పి ఎక్కడివక్కడ గళ్ళల్లో వేసేశాను. ఆ ప్రూఫుకి నకలు? లేదండీ.

"అందులో ఎంత వేశావు, ఒకటిన్నరా, పదకొండా?"

అప్పారావు తల వంచుకున్నాడు. "ఒకటిన్నరే వేశాననుకుంటున్నానండీ. కానీ ఆ వారం విత్తనాల కొట్టు వాళ్ళ పని కూడా చేశాం. అర అంకె ముక్కలు చాలావరకు అందులోకే పోయాయి. సార్ గారు అన్నిసార్లు అడిగితే... ఏమో, ముక్కలు లేక అలా వేశానేమో. నావల్లే చచ్చిపోయాడేమోనండీ పరదేశి."

"విన్నావుగా" అన్నాడు భాస్కరరావు.

"విన్నాను. అన్నిసార్లు అడిగితే నా పేరు కూడా నాకు అనుమానం వస్తుంది సార్." ఆమె మళ్ళీ అప్పారావు వైపు తిరిగింది. "ఆ కరపత్రం నీకు చూపించారా?"

"లేదండీ. చదివి వినిపించారు. పదకొండు బై రెండు అని."

జోజమ్మకి మనసులో ఎక్కడో ఒక మేకు బిగిసినట్టయింది. మనిషిని జైలుకి పంపే కాగితం, ఆ మనిషి కళ్ళ పడకూడనిదైంది ఎందుకు?

"చూపించండి సార్."

ఒరిజినల్ హెడ్డాఫీసులో ఉందన్నాడు భాస్కరరావు. రెండోది లేదన్నాడు. డీలరు దగ్గర మిగిలిన డబ్బాలన్నీ కంపెనీ వెనక్కి తీసుకుందన్నాడు. మాటకి మాట ముందే కుట్టి పెట్టుకున్నట్టు చెబుతున్నాడు.

అప్పుడు జోజమ్మ తన చేతిసంచిలోంచి పాత దినపత్రిక మడత తీసి విప్పింది. అందులో డబ్బా నుంచి ఊడదీసిన, చిరుగుల అంచుల కరపత్రం ఒకటి ఉంది. పరదేశి తాగిన నీళ్ళ చెంబు, వేసుకున్న చొక్కా, కలిపిన మందు డబ్బా — ఈ మూడింటినీ అతని భార్య మంగమ్మ గుడిసె బయట రాయి కింద దాచిపెట్టింది. ఎవరొచ్చి అడిగినా ఇవ్వలేదు. పొద్దున జోజమ్మ వెళ్ళి మట్టిలో ఆమె పక్కనే చతికిలబడి చాలాసేపు ఏమీ అడక్కుండా కూర్చుంటే, మంగమ్మే లేచి రాయి తీసింది. ఆ చొక్కా వాసన జోజమ్మ చేతుల్ని ఇంకా వదల్లేదు. ఇందాక ప్రెస్సు సందులో జీపు పక్కనుంచి వస్తుంటే కూడా గుప్పున అదే వాసన; చేతులు మళ్ళీ కడుక్కోవాలి అనుకుంది.

మంగమ్మ మాటలు కొన్నే. తోట కౌలుకి తీసుకున్న వ్యాపారి నారాయణరావు దగ్గరి గుమాస్తా కరపత్రం చదివాడట. పైన చిన్నగా పదకొండు, కింద చిన్నగా రెండు ఉంటే, పదకొండు మిల్లీ చొప్పున రెండు విడతలు కొట్టాలన్నమాట అన్నాడట. ఎప్పుడూ ఒక డబ్బా మూడు డ్రమ్ములకి వచ్చేది, ఈసారి ఒక డ్రమ్ముకే రెండు డబ్బాలకి పైగా పోశారట. పరదేశి కళ్ళు మండుతున్నాయంటే, కొత్త సరుకు, గట్టిగానే ఉంటుంది, కానివ్వు అన్నారట. ఇంకో మాట కూడా చెప్పింది: మిగిలిన సగం తోటకి ఈ సాయంత్రం గాలి తగ్గాక మంగమ్మ తమ్ముడు వీరయ్య కొడతాడని. వద్దురా అంటే, ఈ డబ్బాలు వేరే కొట్టువి, హనుమాన్ జంక్షన్‌లో కొన్నారు, వీటికేం కాదు అన్నాడట. పూత రాలిపోతోందని వ్యాపారి తొందర. తప్పు ఒక్క నూజివీడు డీలరు డబ్బాల్లోనే అని జోజమ్మ కూడా అనుకుంది కాబట్టి, ఆ మాట అప్పుడు పట్టించుకోలేదు.

భాస్కరరావు కాలు మీది కాలు దించాడు.

"అది ఎక్కడిది?"

"చచ్చిపోయినవాడి ఇంట్లోది."

ఆమె కరపత్రం వెనకవైపు వేలితో నిమిరి చూసింది. నున్నగా ఉంది. వెంకాయమ్మ కూడా నిమిరి చూసి, మా ట్రెడిల్ మీద వేస్తే వెనక అక్షరాలు చేతికి తగులుతాయి, ఇది మాది కాదు అంది. భాస్కరరావు దానికీ సిద్ధంగానే ఉన్నాడు. అచ్చు బెజవాడలో ఆఫ్‌సెట్ మీద వేయించారు, ఎవరు కాదన్నారు. అప్పారావు ఇచ్చిన ప్రూఫునే ఫోటో తీసి ప్లేటు చేశారు. తప్పు కంపోజింగులో ఉంది, అచ్చులో కాదు అన్నాడు. అక్షరాలు చూస్తే ఆ మాటే నిజమనిపిస్తోంది. కేసుల్లో ఉన్న సీసపు అక్షరాలకీ కరపత్రంలో వాటికీ వంపు కూడా తేడా లేదు.

అంకెలొక్కటే ఎక్కడో తేడాగా ఉన్నాయి. జోజమ్మ కరపత్రాన్ని కిటికీ వెలుగులోకి పట్టుకుని పై నుంచి కింద దాకా చూసింది. తొందరపడలేదు. తర్వాత దాన్ని బోర్లించి వెంకాయమ్మ చేతికిచ్చి, అప్పారావుకి చూపించకుండా మూడు ముక్కలు చదివి చెప్పండి, అతను రోజూ కూర్చినట్టే కూరుస్తాడు అంది.

అప్పారావు అక్షరాలు పేర్చే స్టిక్కు చేతిలోకి తీసుకున్నాడు. అది చేతిలోకి వచ్చేసరికి వేళ్ళు వాటంతటవే గళ్ళ వైపు పోయాయి. లీటరుకు ఒకటిన్నర అని వెంకాయమ్మ చదివితే, మామూలు ఒకటి తీసి, మూల గడిలోంచి అర ముక్క తీసి పక్కన పెట్టాడు. అది ఒకే సీసపు ముక్క. పైన ఒకటి, మధ్యలో అడ్డగీత, కింద రెండు, మూడూ కలిపి పోతపోసినవే. డిపో చిరునామా, డోర్ నంబరు పద్నాలుగు బై మూడు అంటే మామూలు అంకెలతో పద్నాలుగు, ఏటవాలు గీత, మూడు పెట్టాడు. తయారైన నెల, ఒకటి బై ఎనభై తొమ్మిది. అదీ అంతే, మామూలు అంకెలే.

భాస్కరరావు చప్పట్లు కొట్టాడు. "బాగుంది. పరీక్ష పెడితే ఎవడైనా బాగానే రాస్తాడు. ఆ రోజు అర ముక్కలు అయిపోయాయని వాడే చెప్పాడు. కానిస్టేబులు బుర్రకి ఇంతకంటే తట్టదా?"

"తట్టదు సార్. అందుకే చిన్న చిన్నగా వెళ్తున్నాను. అర ముక్కలు అయిపోయాయనే అనుకుందాం." ఆమె కరపత్రం తీసుకుని అప్పారావు ముందు పరిచింది. "ఇప్పుడు ఇందులో ఎలా ఉందో అచ్చం అలాగే కూర్చు."

అప్పారావు వంగి చూశాడు. పైన చిన్న పదకొండు. ఏటవాలుగా సన్నటి గీత. కింద చిన్న రెండు. అతను గళ్ళు వెతికాడు, సొరుగులు లాగాడు. భిన్నాల గడిలో మూడే రకాలున్నాయి: అర, పావు, ముప్పావు. మూడింటికీ అడ్డగీతలే. విడిగా అంత చిన్న అంకెలు ఆ ప్రెస్సులో ఎక్కడా లేవు.

"ఇది మన దగ్గర కాదండీ" అన్నాడు. మధ్యాహ్నం నుంచీ అనుమానం లేకుండా అతనన్న మొదటి మాట అది.

"దాచేసుంటాడు" అన్నాడు భాస్కరరావు.

"సరే, దాచేశాడు. మరి ఇదేంటి?" జోజమ్మ వేలు కరపత్రం అడుగుకి పోయింది. అక్కడ డిపో డోర్ నంబరు. చిన్న పద్నాలుగు పైన, చిన్న మూడు కింద. దాని పక్కన తయారైన నెల. చిన్న ఒకటి పైన, చిన్న ఎనభై తొమ్మిది కింద. "మందు కొలతంటే పొరబడ్డాడంటారు. ఇంటి నంబరుని భిన్నం చేసే మనిషిని చూశారా మీరు? నెలని, సంవత్సరంతో భాగించే మనిషిని చూశారా? ఒక్కో చిన్న అంకె వెతికి, ఏరి, పైనొకటి కిందొకటి నిలబెట్టాలి. ఎంత తాగినవాడైనా అంత కష్టపడి తప్పు చెయ్యడు. చదవడం వచ్చినవాడెవడూ చెయ్యడు. ఇది చదవడం రానిది చేసిన పని."

"అంటే?"

ఆమె వెంకాయమ్మ బల్ల మీద నుంచి తన కార్డు తీసి కరపత్రం పక్కన పెట్టింది. డోర్ నంబరు ఇరవైతొమ్మిది బై ఏడు. పైన చిన్న ఇరవైతొమ్మిది, ఏటవాలు గీత, కింద చిన్న ఏడు. గీత వాలు కూడా ఒక్కటే.

"బెజవాడలో కొత్తగా పెట్టిన కంప్యూటరు కంపోజింగులో చేయించాను. దాని తెలుగు అక్షరాలు ఈ సీసపు అక్షరాల్ని చూసి గీసినవేనట, అందుకే తేడా తెలీదు. నా ఇల్లు భిన్నమైందేంటయ్యా అని పోట్లాడితే ఆపరేటరు చెప్పాడు. అంకె, గీత, అంకె వరసగా కనిపిస్తే చాలు, ఆ మిషను దాన్ని భిన్నమనుకుని దానంతటదే చిన్నవి చేసేస్తుందట. వద్దనుకుంటే ముందే ఆపి ఉంచాలట. ఒకటికీ అరకీ మధ్య ఖాళీ వదలకుండా కొడితే, దానికి అది ఒకటిన్నర కాదు. పదకొండు బై రెండు. దాని తెలివి అంతవరకే. మళ్ళీ వేయిస్తే డబ్బులు దండగని ఆ కార్డులే పంచుతున్నాను." ఆమె గొంతు అంతదాకా పైకి లేవలేదు. ఇప్పుడు లేచింది. "అప్పారావు ప్రూఫులో ఒకటిన్నర సరిగ్గానే ఉంది. మీ కంపెనీ దాన్ని తీసుకెళ్ళి మిషను మీద మళ్ళీ కొట్టించింది. కొట్టినవాడు చూసుకోలేదు, అచ్చేసినవాడు చూసుకోలేదు, అంటించినవాడు చూసుకోలేదు. ఒక మనిషి చచ్చాక, నోట్లో నాలుక లేనివాడు ఎవడా అని వెతుక్కుంటూ మీరొచ్చారు. అప్పుడూ ఇంతే చేశారు. ఇప్పుడూ ఇంతే."

భాస్కరరావు తాళాలు తీసి పక్కన పెట్టి, సంతకం కాగితాన్ని నాలుగు ముక్కలుగా చింపాడు.

"అయిపోయింది. అప్పారావు జోలికి ఎవరూ రారు. నా మాట. ఆ కరపత్రం ఇలా ఇచ్చెయ్యి."

వెంకాయమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. అప్పారావు స్టిక్కు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. జోజమ్మ మాత్రం చెయ్యి చాపలేదు. ఈ మనిషి ఇంత తేలిగ్గా ఓడిపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. గెలిచిన సంతోషం రావాల్సిన చోట భయం వచ్చింది. అప్పారావుని వదిలేసినా పరవాలేదు గానీ ఈ కాగితం బయట ఉండకూడదన్నమాట. ఎందుకు?

మిషను ఒక్క డీలరు కోసం పనిచెయ్యదు. ఒకసారి కొట్టించాక అదే కరపత్రం అన్ని కొట్ల డబ్బాలకీ పోయి ఉంటుంది.

ఆమె కరపత్రం సంచిలో వేసుకుని వాకిట్లోకి నడిచింది. ఇందాక జీపు దగ్గర వచ్చిన వాసన తన చేతులది కాదు. జీపు వెనక టార్పాలిన్ ఎత్తింది. లోపల డబ్బాలు, ఒకదాని మీద ఒకటి. ఒక్కదానికీ కరపత్రం లేదు. అంటించిన చోట జిగురు, కాగితం పీలికలు. మూతల మీద రకరకాల కొట్ల ముద్రలు: నూజివీడు, ఆగిరిపల్లి, హనుమాన్ జంక్షన్.

భాస్కరరావు వెనకే వచ్చి నిలబడ్డాడు.

"కొట్లన్నీ తిరిగి వెనక్కి తీసుకున్నారు" అంది జోజమ్మ. "పాత సరుకు మార్పిడి అని చెప్పుంటారు. మరి అప్పటికే అమ్మేసినవి? తోటల్లో ఉన్నవి?"

"తోటలకెళ్ళి చెబితే ఒప్పుకున్నట్టేగా జోజమ్మా. హెడ్డాఫీసు వద్దంది." ఆయన గొంతులో మొదటిసారి అలసట వినిపించింది. "ఇంత మోతాదు అందరూ పొయ్యరు. బుర్ర ఉన్నవాడెవడైనా ఆలోచిస్తాడు."

"గుమాస్తా ఆలోచించాడు. ఆలోచించే రెండు విడతలన్నాడు." ఆ మాట అంటుండగానే ఆమెకి మంగమ్మ చెప్పింది గుర్తుకొచ్చింది. వేరే కొట్టువి. హనుమాన్ జంక్షన్‌వి. వీటికేం కాదు. సాయంత్రం గాలి తగ్గాక.

చెట్ల కొసల వైపు చూసింది. ఆకు కదలడం లేదు.

ఆమె లోపలికి పరిగెత్తి బల్ల మీది తాళాలు అందుకుంది. జీపు తోలడం డిపార్టుమెంటులో నేర్చుకున్నదే. భాస్కరరావు డోరు పట్టుకుని, ఇది కంపెనీ బండి, నీమీద కేసు పెడతాను అన్నాడు. పెట్టుకోండి, సంతకం నేనే పెడతాను, చదివే పెడతాను అని ఆమె ఆయన చేతిని తోసేసింది. తోట దారి నాకు తెలుసండీ అంటూ అప్పారావు పక్క సీట్లోకి ఎక్కేశాడు. స్టిక్కు ఇంకా అతని చేతిలోనే ఉంది.

"ఒసేయ్ జోజమ్మా, నువ్వు పో" అని గుమ్మంలోంచి అరిచింది వెంకాయమ్మ. "నేను జంక్షన్ కొట్లకి ఫోను చేసి, మిషనెక్కుతాను. మందు కొట్టద్దని కాగితాలేసి చీకటి పడేలోగా ఊరూరా పంచిస్తాను. ఒకటిన్నర అని అక్షరాల్లోనే వేస్తాను, అంకె వేస్తే ఒట్టు." ఆవిడ అప్పటికే చీర చెంగు బొడ్డులో దోపుకుంటోంది.

ఆగిరిపల్లి రోడ్డు మీద జీపు ఎగిరెగిరి పడుతుంటే వెనక డబ్బాలు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. అప్పారావు ఒక్క మాటే మాట్లాడాడు, ఆ వెదురు కంచె దగ్గర ఎడమకండీ అని. జోజమ్మకి భాస్కరరావు మీద కోపం పోయి తన మీద తనకి కోపం వచ్చింది. పొద్దున ఆ వీరయ్య డబ్బాని ఒక్కసారి తిప్పి చూడాల్సింది.

తోట గేటు తీసే ఉంది. పూత మీద తెల్లటి తుంపర పొగలా వేలాడుతోంది. స్ప్రేయరు మోటారు ఆగకుండా కొట్టుకుంటోంది.

"వీరయ్యా" అని పిలిచింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని చెట్ల మధ్యకి వెళ్ళింది. డ్రమ్ము పక్కన రెండు ఖాళీ డబ్బాలు, మూడోది సగం. మూడింటి మీదా చిన్న పదకొండు.

డ్రమ్ములోంచి పైపు సాళ్ళ వెంట పోయింది. ఆమె దాని వెంట పోయింది. పైపు చివర ఏ మనిషి చేతిలోనూ లేదు. మందు చిమ్ముకుంటూ, నేల మీద పాములా అటూ ఇటూ కొట్టుకుంటోంది.